మా మామ మోసిన పురుగుల కుండ

మా మామ, అంటే నా భార్య తండ్రి, పోయిన నెలలో కాలం చేశారు. కబురు తెచ్చిన మనిషి సైకిలు కూడా దిగలేదు. మా వాకిట్లో ఒక కాలు నేలకు ఆనించి, "పెద్దాయన తెల్లారి లేయలేదప్పా. ఆయమ్మకి చెప్పు" అని, నా జవాబు కోసం ఆగకుండా రోడ్డు వైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. లోపల నా భార్య ఉలవలు చెరుగుతున్నది. చేట చప్పుడు ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది. చేటలో ఉన్నవన్నీ చెరగడం ముగించాకనే ఆమె లేచి, చీర మార్చుకొని వచ్చింది. తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు ఆగిపోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఆ ఎనిమిదేళ్ళ మౌనం ఒక మట్టికుండ వల్ల వచ్చింది. దాన్ని గురించి నేను పదిమందిలో చెప్పిన ఒక మాట వల్ల స్థిరపడింది. ఆయన బతికి ఉండగా ఆ మాటను వెనక్కు తీసుకోలేకపోయాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను. మా రెండు ఊళ్ళవాళ్ళూ చదవాలని నా కోరిక. ఆయనను ఎరగనివాళ్ళు చదివినా మంచిదే.

మా ఊరూ ఆయన ఊరూ హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డు పక్కన, ఒకే మిట్ట మీద, ఒకదానికొకటి కనబడేంత దూరంలో ఉన్నాయి. మధ్యన పొలిమేర రాయి. రాయికి అటు పక్క మొట్టమొదటి చేను ఆయనది. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ, తువ్వాలు పరిచినట్టుండే ఎర్రమట్టి చెక్క. అది ఆయన తాతతండ్రులు కొన్నది కాదు. ఊరికి ఒక పని చేసిపెట్టినందుకు ఊరు ఇచ్చిన మాన్యం. ఆ పని, కంబళి పురుగును ఊరు దాటించడం.

కంబళి పురుగంటే ఈ సీమలో తెలియనివారు లేరు. వేరే ప్రాంతాలవారి కోసం, నేను పట్టీలు రాసుకునే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఇస్తున్నాను. ఏడాదిలో తొలి గట్టి వాన పడిన రెండో సాయంత్రమో మూడో సాయంత్రమో నేలలోంచి తెల్లరెక్కల పురుగులు లేస్తాయి. వేరుశనగ ఆకు అడుగున గసగసాల్లాంటి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. వారం లోపల గుడ్లు పగులుతాయి. మూడో వారానికి పిల్ల వేలెడు పొడుగు, ఒళ్ళంతా ఎర్రటి బొచ్చు. తాకితే దద్దుర్లు. ఒక చేను తినడం ముగిశాక పక్క చేనికి నడుస్తుంది, గుంపుగా నడుస్తుంది. ఎదగడం పూర్తయ్యాక గట్టు కింద మట్టిలో దూరి, మరుసటి ఏటి వాన దాకా అక్కడే పడి ఉంటుంది.

పుస్తకంలో నేను రాయనివి కొన్ని ఉన్నాయి. నడిచేటప్పుడు అన్నిటి తలలూ ఒకే దిక్కుకు ఉంటాయి. అవి చేను తింటూ ఉంటే, గట్టు మీద కూర్చున్నవాడికి ఎండుటాకుల మీద తుంపర పడుతున్నట్టు వినిపిస్తుంది. తల ఎత్తి చూస్తే మబ్బు ఉండదు. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టినది ఇంకొకటి. చేని పక్కన నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ తుంపర చప్పుడు ఆగిపోతుంది. చేనంతటా వేల పురుగులు ఒక్కమారుగా ఒంటి ముందరి సగాన్ని పైకెత్తి, కదలకుండా నిలుస్తాయి. వింటున్నట్టు ఉంటుంది. కొంతసేపటికి, ఎవరో సరేనన్నట్టు, అన్నీ కలిసి మళ్ళీ తినడం మొదలుపెడతాయి.

అందుకే మామ వాళ్ళ ఊళ్ళో కుండను సాగనంపే దినం ఎవరూ నోరు విప్పేవారు కాదు. మాట్లాడితే పురుగు వింటుందని, విన్న గొంతును పట్టుకొని తిరిగి వస్తుందని వాళ్ళ నమ్మకం. తొమ్మిది చేలలోంచి తొమ్మిది పురుగులను ఆకుతో ఎత్తి ఒక కొత్త కుండలో వేసేవారు. మూతికి పసుపు గుడ్డ కట్టేవారు. మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికి చేరినప్పుడు, ఇళ్ళ తలుపులన్నీ మూసేవారు. కుక్కలను కూడా లోపల కట్టేసేవారు. మా మామ ముఖానికి కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా తెల్లగుడ్డ చుట్టుకొని, కుండను నెత్తిన పెట్టుకొని, ఒంటరిగా నడిచి, పొలిమేర దాటి, అవతలి ఊరి నేల మీద దాన్ని బోర్లించి రావాలి. దారిలో ఆయనను ఎవరూ చూడకూడదు. ఆయన వెనక్కి తిరగకూడదు. పొద్దుగుంకి స్నానం చేసేదాకా పలకకూడదు.

అవతలి ఊరంటే మాదే.

మా వాళ్ళకు ఆ కుండ సంగతి తెలుసు. ఏ దినమో తెలియదు కనుక పురుగు కనబడినది మొదలు కర్రలు పట్టుకొని వంతులవారీగా గట్ల మీద తిరిగేవారు. అయినా ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట కుండ దొరికేది. నేను బడికి పోయింది రెండేళ్ళే. తరువాతి చదువంతా సంతలో పొట్లాలు కట్టిన కాగితాలు చదివి నేర్చుకున్నది. వచ్చిన అక్షరాలు చెయ్యి మరచిపోకుండా ఉండాలని కంటబడినవన్నీ పట్టీలుగా రాసేవాణ్ణి. వాన పడిన దినాలు, ఈనిన ఆవులు, పెళ్ళికి వచ్చిన బంధువుల ఊళ్ళు, కుండ దొరికిన చోట్లు. ఒక ఏడు రాగిచేని మూల. ఒక ఏడు బండ పక్కన. ఒక ఏడు ఏకంగా మా కళ్ళం మధ్యలో. ఆ ఏడు కావలివాళ్ళు వారం దినాలు ముఖాలు దించుకొని తిరిగారు.

నాకు ముప్పై దాటాక ఆ కుండ మోసే మనిషి కూతురితోనే సంబంధం కుదిరింది. పెళ్ళి పందిట్లో మా ఊరి పెద్ద ఒకాయన అందరికీ వినబడేటట్టు అడిగాడు.

"ఏమప్పా వియ్యంకుడా, ఇంక మీద కుండ యాడ దించుతావు? నేరుగా అల్లుడింట్లోనే దించేస్తివంటే మాకు కావలి తప్పుతాది."

పందిరంతా నవ్వింది. పెళ్ళికూతురు కూడా తల వంచుకొని నవ్వింది. మామ మాత్రం తన అరచేతులు చూసుకున్నారు.

ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి పురుగు బొచ్చు గుచ్చుకొని చర్మం చింతబెరడులా గట్టిపడిపోయింది. సంతకు పోతూ మా ఇంట్లో కాసేపు కూర్చొని, కూతురు ఇచ్చిన అంబలి తాగి పోవడం ఆయనకు అలవాటు. పురుగు నెలల్లో వచ్చినప్పుడు మాత్రం మా పాపను ఎత్తుకొనేవారు కాదు. చింతపండు నీళ్ళతో మూడుసార్లు చేతులు కడుక్కొని, అప్పటికీ నమ్మకం కుదరక, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకొని దానితో పాప తల నిమిరేవారు. ఆ నెలల్లో చేని పక్కన నడిచేటప్పుడు గొంతు తగ్గించేవారు. పురుగును తొక్కేవారు కాదు, తిట్టేవారు కాదు. ఎందుకని అడిగితే, "తిట్టితే వింటాదప్పా. మంచి మాట వింటాదో లేదో నాకు తెలీదు, అందుకని అదీ చెప్పను" అన్నారు.

పెళ్ళయిన ఏడు కుండ దొరకలేదు. మరుసటి ఏడూ దొరకలేదు. తమ కావలికి భయపడి కుండ రావడం మానేసిందని మా వాళ్ళు మీసాలు దువ్వుకున్నారు. నా పట్టీలో ఆ గడులు ఖాళీగా ఉండిపోవడం నాకు నచ్చలేదు. నాలుగు గడులు వరుసగా ఖాళీ అయ్యాక, వాటి పక్కన ఇంకొక సంగతి రాసుకున్నాను. ఆ నాలుగేళ్ళూ పురుగు మొట్టమొదట తిన్నది మా మామ చెక్కనే. మిగతా చేలలో ఆకు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే ఆయన చేను పుల్లలుగా నిలబడేది.

అయిదో ఏడు ఒక మధ్యాహ్నం మా చేలో కలుపు తీస్తూ ఉండగా, వాళ్ళ ఊరి వైపు నుంచి ఒక్క చప్పుడూ రావడం లేదని గమనించాను. రోకలి లేదు, కుక్క లేదు, పిల్లల ఏడుపు లేదు. ఇళ్ళు కనబడుతున్నాయి, పొగ కూడా కనబడుతున్నది. చప్పుడు మాత్రం ఎవరో తుడిచేసినట్టు ఉంది. ఇదే ఆ దినం అనుకున్నాను. తప్పని తెలిసీ పొలిమేర రాయి దగ్గరి తంగేడు పొద వెనక కూర్చున్నాను.

ఆయన వచ్చారు. తెల్లగుడ్డ చుట్టిన ఆ తల మా మామదని తెలిసి ఉన్నా, నడిచి వస్తున్నది మనిషేనా అన్న అనుమానం కలిగింది. కాళ్ళ కింద నీడ లేదు. అడుగుల చప్పుడు లేదు. రాయి దగ్గరికి వచ్చి ఆగారు. ఒక్క అడుగు వేస్తే మా నేల. ఆ అడుగు వేయలేదు. పక్కకు తిరిగి తన చెక్కలోకి దిగారు. ముందే తవ్వి ఉంచిన గుంటలో కుండను బోర్లించి, చేతులతో మట్టి కప్పి, నిద్రపోతున్న బిడ్డను జోకొట్టినట్టు రెండు అరచేతులతో ఆ మట్టిని మెల్లగా అదిమారు. అప్పుడు తల ఎత్తి నన్ను చూశారు.

ఆయన పలకకూడదు. నేను పలకవచ్చు, కానీ పలకలేదు. మా చుట్టూ ఆ తుంపర చప్పుడు, ఎండలో. చివరకు ఆయన ఆ మట్టిచేతులు రెండూ జోడించి నాకు దండం పెట్టారు. మామ అల్లుడికి పెట్టే దండం కాదు అది. తరువాత లేచి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయారు.

నాలుగు దినాల తరువాత హోసూరు సంతలో ఆయనే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. బొరుగుల అంగడి వెనక నిలబడి మాట్లాడుకున్నాం.

"చూసినావు గదా" అన్నారు.

"చూసినాను మామా. ఇది ఎన్నాళ్ళుగా?"

"బిడ్డ మీ ఇంటికి వచ్చినప్పట్నుంచి."

"మీ ఊరోళ్ళకి తెలిస్తే చెక్క తీసుకుంటారు గదా."

"తీసుకోనీ. అది కాదు నా భయం. చెక్క తీసుకుంటే కుండను ఇంకొకడి నెత్తికి ఎత్తుతారు. వాడికి మీ ఊర్లో కూతురు లేదప్పా."

నేను నా లెక్క చెప్పాను. చేలలో ఉన్నవి లక్షలు, కుండలో ఉన్నవి తొమ్మిది, ఆ తొమ్మిదింటిని ఎక్కడ పెట్టినా ఒకటే అన్నాను. ఆయన ఓపికగా విన్నారు.

"నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పిందే నిజమనుకో. యాడ పెట్టినా ఒకటే. అట్లయితే మీ ఊర్లోనే పెట్టు మామా అని ఇప్పుడు నువ్వే నాకు చెప్పు. చెప్తావా?"

నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"చూసినావా" అని నవ్వారు. కూతురికని బొరుగులు కొని నా సంచిలో పోశారు. "బిడ్డకి మాత్రం చెప్పొద్దు. దానికి వాళ్ళమ్మ నోరు. ఊరంతా కట్టకట్టుకొని వచ్చినా నిలబడి అడుగుతాది."

మరుసటి ఏడు వచ్చినంత పురుగును నేను మళ్ళీ చూడలేదు. చేల చుట్టూ గుంతలు తవ్వాం. గుంత నిండాక మిగిలినవి వాటి మీదుగా నడిచి వచ్చాయి. రోడ్డు ఎర్రగా మారి కదిలింది. కావేరిపట్టణం బస్సు మిట్ట ఎక్కలేక, చక్రాలు జారి నిలిచిపోయింది. డ్రైవరు దిగి, చక్రాల కింద చూసి, మళ్ళీ ఎక్కి కూర్చొని తలుపు గట్టిగా వేసుకున్నాడు. గోడలు ఎక్కాయి. దూలం మీంచి మంచం మీద పడ్డాయి. ఆడవాళ్ళు అన్నం కుండల మీద మూతలూ, మూతల మీద రాళ్ళూ పెట్టారు. ఎవరైనా దగ్గితే గోడ మీద ఉన్నవన్నీ తల ఎత్తేవి. వారం దినాలు మేము ఇళ్ళలో గుసగుసగా మాట్లాడుకున్నాం.

కుండ పొలిమేర దాటి ఉండదని మామ వాళ్ళ ఊళ్ళో అనుమానం పుట్టింది. వాళ్ళ ఊరి గౌడు, అంటే పెద్ద, నన్ను పుస్తకంతో సహా పొలిమేర రాయి దగ్గరికి రమ్మని కబురు చేశాడు. పోయేసరికి పాతికమంది కూడి ఉన్నారు. మామ ఒక పక్కన చేతులు కట్టుకొని నేల చూస్తూ నిలబడి ఉన్నారు.

"రాప్పా పట్టీలోడా" అన్నాడు గౌడు. "నువ్వు చూడంది రాయవని రెండూర్లలోనూ పేరుండాది నీకు. మీ మామ అని చూడకుండా చెప్పు. ఈ ఏడు కుండ మీ తట్టు వచ్చిందా, రాలేదా?"

"అల్లుడే మామకి సాక్షి. బాగుండాది నాయం" అని గుంపులోంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

"సుమ్నే ఉండప్పా" అని గౌడు వాడి నోరు మూయించాడు. "కుండ పడిందంటే నష్టం ఇతని ఊరికి గదా. తన ఊరికి చెడ్డదాన్ని లేనిపోనిదిగా ఎందుకు చెప్తాడు?"

పుస్తకం తెరిచాను. ఆ ఏటి గడి ఖాళీగా ఉంది. నిజం చెబితే మామ చెక్క పోతుంది, కుండ ఇంకొకరి నెత్తికి పోతుంది, ఇన్నేళ్ళ పురుగంతా ఆయన తెచ్చిందే అవుతుంది.

"వచ్చింది" అన్నాను.

"యాడ?"

"బండ పక్కన. పెంకులు నేనే చూసినాను."

"రాసినావా?"

"ఇంకా లేదు" అని, వాళ్ళందరి ఎదుటా పెన్సిలుతో ఆ గడిలో రాసి చూపించాను. నా పుస్తకంలో నేను చూడనిది రాయడం అదే మొదలు. మామ తల ఎత్తి నా వైపు చూశారు. ఆ చూపులో మెప్పు లేదు. బావి గట్టు మీద నడుస్తున్నవాణ్ణి, పిలిస్తే ఎక్కడ పడిపోతాడో అని పిలవకుండా చూసే చూపు అది.

చెక్క నిలిచింది. కుండా ఆయన నెత్తినే నిలిచింది. కానీ ఆ సాయంత్రానికే నా మాట మా ఊరు చేరింది. మరునాడు నా భార్య బావి నుంచి ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది. బావి దగ్గర పక్కింటామె అందరిలోనూ అడిగిందట, "ఏమమ్మా, మీ నాయన సారె పంపినాడంట గదా. ముందే చెప్పింటే పళ్ళాలు తెచ్చుకొని మేమూ వస్తా ఉంటిమి" అని.

నా భార్య బిందె దించి నా ఎదురుగా నిలబడింది.

"నాయన కుండ మన నేల మీద పెట్టినాడంట. నువ్వే చూసినావంట. నిజమేనా?"

ఆమెకు నిజం చెప్పకూడదని నాకు ఆజ్ఞ ఉంది. ఏమీ చెప్పకుండా ఉండవచ్చు. నేను మాత్రం, "నిజమే" అన్నాను.

నెల తిరగక ముందే మామ పనసపండు ఎత్తుకొని మా ఇంటికి వచ్చారు. వీధిలో రెండు తలుపులు మూసుకున్నాయి. నా భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందర పెట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది. ఆయన నీళ్ళు తాగారు. చెంబు బోర్లించి, కాసేపు కూర్చొని లేచారు. పొలిమేర దాకా ఆయన వెంట నడిచాను. ఇప్పుడే వెనక్కి పోయి ఆమెకు చెప్పేస్తానని అన్నాను.

"వద్దప్పా" అన్నారు. "చెప్తే నేరుగా పొయ్యి గౌడు ముందర నిలబడతాది. నా కోసరం కొట్లాడతాది, గెలుస్తాది గూడా. ఆపైన కుండ ఎవడి నెత్తికి పోతాదో చెప్పు."

"మరి మీ సంగతి?"

"నాకేమి? దాని చేలో ఆకు పచ్చగా కనబడతా ఉండాది, ఈడ నిలబడితే."

తరువాత ఆయన మా గడప తొక్కలేదు. సంతకు పోయేటప్పుడు పొలిమేర రాయి దగ్గర కాసేపు నిలబడి మా ఇంటి వైపు చూసి పోయేవారు. నేను ఎదురుపడితే, బిడ్డ ఎట్లుండాది అని అడిగేవారు కాదు. "చేలో ఆకు బాగుండాదా?" అని మాత్రం అడిగేవారు. బాగుందని చెబితే తల ఊపి సాగిపోయేవారు.

ఇంకో మూడేళ్ళు ఆయన కుండ మోశారు. ఆ తరువాత సర్కారు గ్రామసేవకుడు పురుగుమందు పొడి మూటలు తెచ్చాడు. గుడ్డలో కట్టి చేని మీద దులిపితే ఆకు తెల్లబడేది, ముక్కు మండేది, పురుగులు మడతలు పడి రాలేవి. అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. ఎంత పొడి ఏ చేనికి చల్లామో పట్టీ రాసుకున్నాను. రెండేళ్ళు గడిచాక ఇంకొక పట్టీ దానంతట అదే తయారైంది: గుమ్మడి పూల మీద తేనెటీగలు లేవు, సాయంత్రం కీచురాళ్ళు లేవు, దున్నేటప్పుడు నాగలి వెనక గోరింకలు లేవు. ఒక సాయంత్రం మామ, నేను గట్టు మీద నిలబడి ఉన్నాం. "చప్పట్లు కొట్టి చూడప్పా" అన్నారు. కొట్టాను. ఆ చప్పుడు మిట్టంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. "చూసినావా" అన్నారాయన, "వినేదానికి ఎవరూ లేరు." తన చెక్కలో మాత్రం ఆయన ఆ పొడి చల్లనివ్వలేదు.

పొడి వచ్చిన ఏడే కుండ ఆచారం ఎవరూ మాన్పించకుండానే ఆగిపోయింది. ఇంకొకరి నెత్తికి పోవడానికి కుండే లేదు. ఆ ఏడే ఒకనాడు సంత నుంచి వస్తూ మామ ఎటో చూస్తూ అడిగారు:

"ఇప్పుడు చెప్పొచ్చేమో గదప్పా, బిడ్డకి?"

చెప్పవచ్చు. అడ్డం ఏదీ లేదు, నా పుస్తకం తప్ప. అప్పటికి రెండు ఊళ్ళలో గట్టు తగాదా వచ్చినా, వాన లెక్క కావలసినా నా పుస్తకం తెప్పించి చూసేవారు. అందులో పెన్సిలుతో రాసిన ఒక అబద్ధం ఉందని, దాన్ని కట్టుకున్న భార్యకు కూడా చెప్పానని ఒప్పుకోవాలి.

"చూద్దాం మామా" అన్నాను.

"సరేప్పా" అన్నారు. మళ్ళీ అడగలేదు. ఆ తరువాత అయిదేళ్ళు బతికారు.

ఆయనను ఆ చెక్కలోనే పూడ్చాలని వాళ్ళు నిర్ణయించారు. మేము పోయేసరికి గుంట తవ్వుతున్నారు. నా భార్య ఆడవాళ్ళలో కలవకుండా గట్టు మీద విడిగా నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. మోకాలి లోతు తవ్వారో లేదో, పార దేనికో తగిలి టంగుమంది.

"రాయి" అన్నాడొకడు.

"రాయి కాదన్నా. కుండ."

పక్కన ఇంకొకటి. దాని పక్కన మరొకటి. అన్నీ బోర్లించి ఉన్నాయి. మూతుల దగ్గర గుడ్డ చివికి మట్టిలో కలిసిపోయినా, పసుపు మరక అంచున ఇంకా తెలుస్తున్నది. తవ్వేవాళ్ళు పారలు ఆపి గుంటలోంచి బయటికి వచ్చేశారు. ముసలివాడైపోయిన గౌడు కర్ర ఊనుకుంటూ వచ్చి అంచున కూర్చున్నాడు. ఒక్కొక్క కుండనూ కర్రతో చూపిస్తూ తనలో తాను లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది. నా పెళ్ళి నాటి నుంచి కుండ ఆగిపోయేదాకా, ఏడాదికి ఒకటి.

"బండ పక్కన పెంకులు చూసినానని రాసినావే, ఏమప్పా" అన్నాడు నా వైపు తిరగకుండానే.

"అబద్ధం రాసినాను గౌడా."

అంతమంది ఉన్నా, వెనకటి కుండ దినం లాగే ఉంది. నా భార్య గట్టు దిగి వచ్చింది. గుంటలోకి దిగి, ఒక కుండను రెండు చేతులా ఎత్తి, తిప్పి, లోపల చూసింది. లోపల గోధుమ రంగు పొట్టు తప్ప ఏమీ లేదు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది.

"తొమ్మిదేండ్లుగా."

ఆమె తవ్వేవాళ్ళతో, "కుండలు పగలగొట్టొద్దండప్పా. నాయన పక్కనే పెట్టండి" అంది. ఒక్కొక్కటే తానే అందించింది.

ఆ మరునాడు ఈ ఏటి తొలి గట్టి వాన పడింది. మూడో దినం పాలు పోయడానికి నేనూ ఆమే పోయేసరికి, ముసురు వల్ల ఆలస్యమై, సాయంత్రమైంది. ఆ మూడు దినాల్లో ఆమె నాతో ఒక్క మాట ఆడలేదు. చుట్టుపక్కల చేలన్నీ తడిసి, నల్లబడి, కదలకుండా ఉన్నాయి. ఏళ్ళ తరబడి పొడి చల్లిన నేల అది. మామ చెక్కలో మాత్రం మట్టి కదులుతున్నది. పెళ్ళల సందుల్లోంచి, కొత్తగా కప్పిన మట్టిలోంచి, తెల్లరెక్కల పురుగులు పాకి పైకి వస్తున్నాయి. నలిగిన రెక్కలు విప్పుకోవడానికి అందిన దాన్నల్లా ఎక్కుతున్నాయి. రాళ్ళు ఎక్కాయి, పుల్లలు ఎక్కాయి. పాలు పోసి కదలకుండా నిలబడిన ఆమెను ఎక్కాయి. చీర అంచు నుంచి నడుము దాకా, భుజాల దాకా. ఆమె విదిలించలేదు. పొద్దు గుంకేసరికి దూరం నుంచి చూసేవారికి ఆమె వేరే చీర కట్టుకున్నట్టు ఉంది.

ఇంటికి బయలుదేరాం. నేను ముందు నడిచి పొలిమేర రాయి దాటాను. వెనక అడుగుల చప్పుడు ఆగింది. ఆమె రాయికి అటు పక్కనే నిలబడి కొంగు విప్పి చూసుకుంటున్నది. రెక్కలు ఆరనివి ఇంకా పట్టుకొని ఉన్నాయి. చెక్కలోకి తిరిగి పోయి, ఒక్కొక్కదాన్ని వేలి మీదికి ఎక్కించుకొని మట్టి మీద దించింది. కొంగు, కుచ్చిళ్ళు, రెండు భుజాలు. మళ్ళీ రాయి దగ్గరికి వచ్చి, నాకు వీపు చూపిస్తూ నిలబడింది.

"వెనక నాకు కనబడదు" అంది. "ఇంకా ఉండాయా? చూసి చెప్పు."

నేను రాయి దాటి దగ్గరికి పోయి, ఆ మసక వెలుతురులో వంగి చూశాను. కొప్పు కింద, మెడ మీద ఒకటి రెక్కలు చాచి కూర్చొని ఉంది.

"ఒకటి ఉండాది" అన్నాను.

ఆమె చేని వైపు తిరిగి, మెడ వంచి, అది ఎగిరేదాకా అట్లాగే నిలబడింది.